తలసరి గారెలు

పత్తిగుంటపాలెం ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ పాఠం వింటే కడుపు నిండుతుందన్న సంగతి, ఊళ్లో స్పిన్నింగ్ మిల్లు మూతపడిన నెలలోనే బయటపడింది. ఎవరూ కంగారుపడలేదు. ఆ మధ్యాహ్నం హాస్టల్ మెస్‌లో అన్నం మిగిలిపోయింది, అంతే.

పాఠం చెప్పింది వనజాక్షి. కాంట్రాక్టు లెక్చరర్. మిల్లులో సూపర్‌వైజరుగా చేసిన ఆమె భర్త సాంబశివరావు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చదివిన పేపర్లే మళ్లీ చదువుతున్నాడు. ఇంటికి ఆమె ఉద్యోగం ఒక్కటే ఆధారం. ఆ ఆధారం కూడా ఊగుతోంది. ఎకనామిక్స్ గ్రూపులో బెంచీకి ఒకరు చొప్పున కూడా చేరలేదని, ఇలాగే ఉంటే వచ్చే ఏడాది గ్రూపు ఎత్తేస్తారని, గ్రూపుతోపాటు ఆమెను కూడా తీసేస్తారని ప్రిన్సిపాల్ కోదండపాణి జూన్‌లోనే పిలిచి చెప్పాడు. అందులో ఆయనకు దురుద్దేశం ఏమీ లేదు. సాయంత్రం వాన పడేలా ఉందని చెప్పినట్టు చెప్పాడు.

ఆ రోజు పాఠం క్షీణోపాంత ప్రయోజన సూత్రం. పేరు భయపెడుతుంది గానీ విషయం తేలిక. ఒకే వస్తువు వరసగా తింటూ పోతే, తినే కొద్దీ దాని మీద మోజు తగ్గుతుంది. పుస్తకంలో దీనికి ఆపిల్ పళ్ల ఉదాహరణ ఉంది. వనజాక్షి ఏనాడూ ఆపిల్ పళ్ల జోలికి పోలేదు. ఆమె గారెలు పెడుతుంది. నూనెలోంచి అప్పుడే తీసిన మొదటి గారె, పైన కరకర, లోపల మెత్తన, నంజుకోవడానికి అల్లప్పచ్చడి. దాని ప్రయోజనం ఇంతా అంతా కాదు. రెండోది బాగుంటుంది. మూడోది ఫరవాలేదు. ఐదో గారె దగ్గరికి వచ్చేసరికి ఇక చాలనిపిస్తుంది. ఆరోది వెయ్యబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం.

ఆమె ఆరో గారె వెయ్యబోయింది. క్లాసు మొత్తం చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంక పట్టదు మేడమ్," అన్నాడు ముందు బెంచీలో మస్తాన్‌వలి. వాళ్ల నాన్న మిల్లులో దారం కండెలు మార్చేవాడు. ఆ పొద్దున మస్తాన్‌వలి ఉత్త టీ తాగి వచ్చాడు. ఇప్పుడు బెల్టు కాస్త వదులు చేసుకుని తేన్చాడు. తేన్పులో అల్లం వాసన వచ్చింది.

వారం తిరిగేసరికి హిస్టరీ వాళ్లు గ్రూపు మార్చుకున్నారు. తర్వాత బోటనీ వాళ్లు, ఆ వెనకే కామర్స్ వాళ్లు. పక్క మండలం నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, ఎకనామిక్స్‌లో కాస్త నిలబడే చోటైనా ఇప్పించమని ప్రిన్సిపాల్‌ను బతిమాలారు. ఇదంతా చూసి మిగతా లెక్చరర్లు కూడా ప్రయత్నించారు. తెలుగు మాస్టారు ఒక పెళ్లిభోజనాన్ని గంటసేపు వర్ణించాడు. అందరికీ నోరూరింది, అక్కడితో సరి. కెమిస్ట్రీ మేడమ్ గ్లూకోజు నిర్మాణం బోర్డు మీద వేసింది. ఇద్దరు నిద్రపోయారు. దేశం ఇబ్బందుల్లో ఉన్నప్పుడు యువతరం ఆర్థికశాస్త్రం వైపు మళ్లడం పరిణతికి నిదర్శనమని జిల్లా పత్రిక ఒకటి సంపాదకీయం రాసింది. దాన్ని సాంబశివరావు రెండుసార్లు చదివి భార్యకు వినిపించాడు.

ఏ పాఠానికి ఎంత కడుపు నిండుతుందో పిల్లలే తేల్చుకున్నారు. జాతీయాదాయం విందుభోజనంలా ఉండేది గానీ, మెట్లు దిగేలోపల మళ్లీ ఆకలేసేది. ద్రవ్యోల్బణం వింటే పొట్ట ఉబ్బరించేది. లోటు బడ్జెట్ విన్న రోజు బ్రహ్మాండంగా గడిచేది, మర్నాడు లేవగానే కళ్లు తిరిగేవి. అన్నిట్లోకి తిరకాసు పాఠం తలసరి ఆదాయం. అది చెబుతుంటే, వినపడేంత దూరంలో ఉన్న పొట్టలన్నీ ఒక లెక్కలోకి వచ్చేవి. ఉన్నదంతా కలిపి అందరికీ సమంగా పంచబడేది. ఇంటి దగ్గర పూరీలు తిని వచ్చిన తాసిల్దారుగారమ్మాయి, క్లాసు అయ్యేసరికి తనకు సగం పూరీ కూడా మిగల్లేదని ఫిర్యాదు చేసింది. ఒకసారి కోదండపాణి భోజనం చేసి ఆ వరండాలో నడుస్తూ కిటికీలోంచి రెండు వాక్యాలు విన్నాడు. గదికి చేరేసరికి ఆయనకు నీరసం వచ్చింది.

పేదరికం పాఠం మాత్రం ఎవరూ చెప్పించుకునేవాళ్లు కాదు. ఆ పేరు వింటేనే పేగులు అరిచేవి. వనజాక్షి దాన్ని వాయిదా వేస్తూ వచ్చింది. చెప్పేవాళ్లకు మాత్రం ఏ పాఠమూ అంటదు. అందుకని ఆమె రోజూ క్యారేజీ తెచ్చుకునేది.

దసరా సెలవులకు ముందు, హాస్టల్ వంటమనిషి యేసోబు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పెద్ద మనిషి. పిల్లలందరికీ బాబాయ్. తన మెస్‌కు ఎవరూ రావడం లేదని నిష్ఠూరమాడటానికి వచ్చాడనుకుంది వనజాక్షి.

"అది కాదు మేడమ్. మీ గారెలకు పేరు పెట్టేవాణ్ణి కాదు నేను. పిల్లలు తేన్పులు తీస్తన్నారు, బానే ఉంది. చెంపలు మాత్రం లోపలికి పోతన్నయ్."

"నిండుగా ఉందంటున్నారు కదా యేసోబూ."

"నిండుగానే ఉంటది. ఒంటికి పట్టద్దా మరి?"

వనజాక్షి పుస్తకం తిరగేసి చూసింది. అది సిలబస్‌లో లేదు.

సెలవులు అయిన వెంటనే జాయింట్ డైరెక్టర్ నరహరి తనిఖీకి వస్తున్నట్టు కబురు వచ్చింది. ప్రభుత్వం దగ్గర ఒక ప్రతిపాదన ఉంది. రాష్ట్రంలో కాలేజీ హాస్టళ్ల మెస్‌లన్నీ మూసేసి, వాటి బదులు పూటకొక ఎకనామిక్స్ పాఠం చెప్పించాలి. నరహరి స్వయంగా విని, కడుపు నిండితే సంతకం పెడతాడు. కోదండపాణి వనజాక్షిని గదిలోకి పిలిచి, ఈసారి కుర్చీ చూపించాడు. గారెల పాఠం చెబితే చాలని, ఆమె ఉద్యోగం పర్మనెంటు అవుతుందని, తేడా వస్తే గ్రూపు సంగతి తన చేతుల్లో లేదని చెప్పాడు.

ఆమె ఇంటికి వెళ్లి భర్తకు చెప్పింది.

"పర్మనెంటు చేస్తారా?" అన్నాడు సాంబశివరావు పేపరు దించి.

"చేస్తారట."

"అయితే ఇంకో రెండు గారెలు ఎక్కువే వెయ్యి."

ఇద్దరూ నవ్వుకున్నారు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

తనిఖీ రోజున నరహరి మస్తాన్‌వలి పక్కన ముందు బెంచీలో కూర్చున్నాడు. పరీక్ష పక్కాగా ఉండాలని ఇంటి దగ్గర అరకప్పు కాఫీ మాత్రమే తాగి వచ్చాడు. వనజాక్షి సుద్దముక్క తీసుకుని క్లాసు వైపు తిరిగింది. మస్తాన్‌వలి ఆమెను చూసి హుషారుగా నవ్వాడు. బెల్టుకు మేకుతో కొత్త బొక్కలు పొడుచుకున్నాడు. బిగించగా మిగిలిన కొస మొలకు వేలాడుతోంది. అతని వెనక బెంచీల్లో కూడా అలాంటి కొసలే వరసగా వేలాడుతున్నాయి. తాను గారెలు వేస్తే మెస్ పోతుంది. వెయ్యకపోతే తన ఉద్యోగం పోతుంది. ఆమె బోర్డు వైపు తిరిగింది. గారెలు అని రాయబోయిన చెయ్యి పేదరికం అని రాసింది.

కిటికీ దగ్గర నిలబడ్డ కోదండపాణి తల పట్టుకున్నాడు. ఆమె ఆగలేదు. దారిద్ర్యరేఖ అంటే ఏమిటి, దాన్ని ఎవరు గీస్తారు, మనిషికి రోజుకు ఎన్ని కెలోరీలు కావాలి, అవి అందకపోతే ముందు ఏది నీరసిస్తుంది, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. క్లాసులో పేగుల చప్పుడు మొదలైంది. నెలల తరబడి పొట్టల్లో పేరుకున్న గారెలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి. నరహరి అయితే ఈ హోదాకు వచ్చాక ఆకలి అన్న మాటే మరిచిపోయిన మనిషి. ఆయన ముందు పెన్ను కింద పెట్టాడు. తర్వాత కళ్లజోడు తీశాడు. ఆ తర్వాత లేచి, మెస్ ఎటు వైపని మస్తాన్‌వలిని అడిగాడు.

అందరూ ఆయన వెనకే పరుగెత్తారు. యేసోబు ఆ రోజు గోంగూర పప్పు, మజ్జిగపులుసు చేశాడు. నరహరి స్టీలు కంచం పట్టుకుని పిల్లలతోపాటు వరసలో నిలబడ్డాడు. మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆఖర్న చెయ్యి కడుక్కుంటూ, యేసోబు భుజం తట్టి, ఇంత రుచి ఎక్కడా ఎరగనన్నాడు. మస్తాన్‌వలి కంచం దించకుండా తింటున్నాడు. గోడవారన నిలబడి చూస్తున్న వనజాక్షికి ఉద్యోగం పోయిందన్న దిగులు కంటే మెస్ నిలబడిందన్న సంతోషమే ఎక్కువగా ఉంది.

వెళ్లేముందు నరహరి ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇన్నాళ్లూ ఆకలి ఎక్కణ్ణుంచి వస్తోందో మా శాఖకు అంతుపట్టలేదమ్మా. మీరు కళ్లకు కట్టినట్టు చూపించారు."

ఉత్తర్వులు నెలాఖరుకు వచ్చాయి. ఆకలికి కారణం ఎకనామిక్స్ పుస్తకంలోని పేదరికం అన్న అధ్యాయమేనని తనిఖీలో రుజువైనందున, దాన్ని సిలబస్ నుంచి తొలగించారు. ఆ పేజీలు చింపి సీలు వేసి పంపమని ప్రిన్సిపాళ్లకు ఆదేశాలు అందాయి. ఆకలికి కారణమే లేకుండా పోయినందున ఇక మెస్‌ల అవసరం లేదని కింది పేరాలో ఉంది. యేసోబు వంటను ఎంతో మెచ్చుకున్నారు. కారణం కనిపెట్టినందుకు వనజాక్షి ఉద్యోగాన్ని పర్మనెంటు చేశారు. ఆమె కింద ఇద్దరు జూనియర్ లెక్చరర్లను కూడా వేశారు. కోదండపాణి స్టాఫ్‌రూమ్‌లో మిఠాయి పంచాడు.

మెస్ పొయ్యి మీద మూత పడిన వారానికి యేసోబు కొత్త చొక్కా వేసుకుని కాలేజీకి వచ్చాడు. బి.ఏ. మొదటి సంవత్సరంలో చేరాడు. వయసు గురించి ఎవరూ అడగలేదు. పొట్ట ఉన్నవాళ్లందరూ అర్హులేనని సవరణ అప్పటికే వచ్చింది. మస్తాన్‌వలి సీనియర్ కాబట్టి బాబాయ్‌కి ముందు బెంచీలో చోటు చూపించాడు. పాఠాల్లో యేసోబు బాగా రాణించాడు. ద్రవ్య విధానంలో ఉప్పు తగ్గిందని, బ్యాంకుల జాతీయకరణ కాస్త అడుగంటిందని జూనియర్లకు నిర్మొహమాటంగా చెప్పేవాడు. వాళ్లు సరిచేసుకునేవాళ్లు.

వనజాక్షి మాత్రం ఒక పాఠం తాను చెప్పకుండా జూనియర్‌కు వదిలేసింది. తలసరి ఆదాయం. అది ఉన్న రోజున ఆమె పొద్దున్నే లేచి మినప్పిండి రుబ్బుతుంది. సాంబశివరావు గారెలు వేస్తూ ఉంటే ఆమె తింటూ పోతుంది. ఐదు, ఆరు, ఏడు. సూత్రం ప్రకారం ఆరో గారె దగ్గర చెయ్యి అడ్డం పెట్టాలి. ఆమె పెట్టదు. తొమ్మిదో గారె కళ్లు మూసుకుని మింగి, నెమ్మదిగా నడిచి కాలేజీకి వస్తుంది. వచ్చి యేసోబుకు, మస్తాన్‌వలికి మధ్య ఇరుక్కుని కూర్చుని పాఠం వింటుంది. గంట కొట్టేసరికి ఆమెకు మళ్లీ ఆకలేస్తుంది. ఆ గంటసేపు బెంచీలన్నిటికీ తలా కాస్త అందుతుంది. ఇది ఒంటికి పడుతుందని పిల్లలు అంటారు.

ఈ సంగతి తెలిశాక మిగతా స్టాఫ్ ఆ వరండాలోంచి నడవడం మానేశారు. టిఫిను చేసి వచ్చినవాళ్లు గేటు దగ్గరే చెవుల్లో దూది పెట్టుకుని, మైదానం చుట్టూ తిరిగి తమ గదులకు చేరుతున్నారు. దూరమే గానీ అలవాటైపోయింది. అటువైపు కాలిబాట కూడా ఏర్పడింది. దాని మీద సిమెంటు పలకలు పరిపించడానికి కోదండపాణి అనుమతి తెచ్చాడు.

మొన్న పాఠం అయ్యాక యేసోబు వనజాక్షి వైపు తిరిగాడు.

"ఇయ్యాల అల్లం కాస్త ఎక్కువైంది మేడమ్."

"ఇంట్లో సారుతో చెబుతాను," అంది వనజాక్షి.

"ఇంకో రెండు తినొస్తే బాగుండు. వెనక బెంచీ దాకా రాలా."

ఆమె సరేనంది. కిటికీలోంచి చూస్తే, ఎండలో గొడుగు వేసుకుని, పొట్ట నిమురుకుంటూ, ప్రిన్సిపాల్ మైదానం చుట్టూ తిరిగి వస్తున్నాడు.