సంత రోజు వరుస

గురువారం, సంత రోజు. హిల్డా స్క్రూటన్ పొద్దున్నే ఒకటే అనుకుంది: ఇవాళ కోల్డ్‌బీ బస్సును నిండా నింపి చూపించాలి. ఆ బస్సు ఎవరూ ఎక్కడం లేదట, తీసేస్తారట. కార్లలో తిరిగే కౌన్సిల్ పెద్దలకు అలాగే కనిపిస్తుంది మరి! కోల్డ్‌బీలో కాలు కదపలేని చెల్లెలు ఈనిడ్ ఉంది. బస్సు పోతే హిల్డాకు చెల్లెలి మొహం చూసే దారే లేదు. కౌన్సిల్ మనిషి ఇవాళ స్వయంగా వచ్చి చూస్తాడని తెలిసి, బస్సెక్కడానికి రమ్మని వారమంతా ఊరి తలుపులన్నీ బాదింది.

కూడలికి వచ్చి చూస్తే కళ్లు చెమర్చాయి. జున్ను దుకాణం దగ్గర్నుంచి చర్చి గోడ దాకా వరుస! చినుకులు పడుతుంటే గొడుగు విప్పి చివర నిలబడింది. దేనికి ఈ వరుస అని అడగలేదు. ఆ ఊళ్లో ఎవరూ అడగరు. వరుస కనిపిస్తే నిలబడతారు, అంతే.

"చూశారా జనాన్ని!" అంది, తన వెనక వచ్చి చేరిన వానకోటు మనిషితో. "ఆ కౌన్సిల్ దద్దమ్మ మాత్రం ఇంకా మంచం దిగినట్టు లేదు."

అతను ఏదో అనబోయి దగ్గాడు.

ఇంతలో బస్సు రానే వచ్చింది. దాని చోటులో చేపల బండి ఉండేసరికి కూడలి అవతలకు పోయి ఆగింది. వరుస కదల్లేదు.

"డోరీన్, అదేగా మన బస్సు?" అంది ముందున్న పక్కింటావిడతో.

"మనదైతే ముందువాళ్లు కదలరూ?"

"కోల్డ్‌బీ అని రాసుందే తల్లీ!"

"ఉంటే ఉంది. కావాలంటే నువ్వెళ్లు. ఇంతసేపు నిలబడి చోటు వదులుకోడానికి నాకేం పిచ్చా?"

హిల్డా గొడుగు పెట్టి డ్రైవరుకు సైగ చేసింది, ఊపింది, ఆడించింది. వెనకున్న వానకోటు మనిషి మొహానికి గొడుగే అడ్డం. డ్రైవరు అది పలకరింపనుకుని చెయ్యూపి, ఖాళీ బస్సుతో వెళ్లిపోయాడు.

ఇక ఆగలేక హిల్డా వరుస మొదటికి పరుగెత్తింది.

"ఏమ్మోయ్, మేమంతా పిచ్చోళ్లమా?" "వెనక్కి రా!" అని అరుపులు. ఆ ఊళ్లో దొంగతనానికైనా క్షమాపణ ఉంటుంది గాని వరుస దాటడానికి లేదు.

అందరికంటే ముందు దీపస్తంభానికి ఆనుకుని ఒక పెద్దాయన.

"మీరు దేనికి నిలబడ్డారండీ?"

"మా ఆవిడ కోసం. కర్టెన్లు కొంటోంది."

"మరి వెనక ఇంతమందేంటి?"

"నాకేం తెలుసమ్మా! ఒకాయన వచ్చి నిలబడ్డాడు. ఎందుకని అడిగితే బాగోదు కదా. ఇప్పుడు నేను కదిలితే వీళ్లంతా ఏమైపోతారోనని భయంగా ఉంది."

హిల్డా కాళ్లీడ్చుకుంటూ వెనక్కొచ్చింది. అంతా అయిపోయింది. వానకోటు మనిషి ఆమె చోటు జాగ్రత్తగా కాపాడి పెట్టాడు.

"రండి. ఆ దద్దమ్మ నేనేనమ్మా," అన్నాడు. "మీ గొడుగు చాటున నాకేం కనబడలేదు గాని, జనాన్ని మాత్రం చూశాను. ఇంతమంది వానలో తడుస్తుంటే ఒక్క బస్సన్నా రాదా? సిగ్గుచేటు!"

హిల్డా నోరు తెరిచింది. ఈనిడ్ గుర్తొచ్చింది. పుట్టాక మొదటిసారి కౌన్సిల్ మాటకు ఎదురు చెప్పకుండా నోరు మూసుకుంది.

పై వారం నుంచి, ఖాళీగా తిరిగే ఆ బస్సుకు తోడుగా ఇంకో బస్సు వేశారు.