ఒప్పు రాస్తే స్కోరు రాదు

పండితుణ్ని అంచనా వేయాలంటే ఆయన రాసింది చదవాలన్న పాత దురాచారం పోయినందుకు మనమంతా సంతోషించాలి!

ఇప్పుడు సైటేషన్ స్కోరు వచ్చింది. మీ పరిశోధన పేపరును ఇంకొకరు తమ పేపరులో పేర్కొంటే మీ ఖాతాలో ఒకటి పడుతుంది. మెచ్చుకుని పేర్కొన్నారా, చీవాట్లు పెట్టారా అని కంప్యూటర్ అడగదు. ఎంత మర్యాద!

ఎంత సమయం మిగిలిందో చూడండి. రాజాంలో ఒక కాలేజీ కమిటీ వారు జీవితకాలపు పరిశోధనను సమోసా తిని చెయ్యి తుడుచుకునేలోగా తూచేస్తున్నారు. ఆమదాలవలసలో ధాన్యం కొనే వ్యాపారి ఇప్పటికీ బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు కొరికి చూస్తాడు. పాపం, ఆయనకు సైన్సు ఇంకా అందలేదు. మా చర్చిలో ముందు బెంచీలు కూడా స్కోరు ప్రకారం ఇచ్చేస్తే సగం గొడవలు తీరిపోవూ?

మా అక్క జ్ఞానసుందరి ఆ రాజాం కాలేజీలోనే గణిత భౌతికశాస్త్రం చెప్పేది. లోతు తక్కువ నీళ్లలో అల చెదరకుండా ఎంత దూరం పోగలదో సమీకరణాలతో తేల్చడం ఆమె పరిశోధన. నౌపడ ఉప్పుమళ్ల గట్టున నిలబడి నీళ్లకేసే చూస్తుంటే, అక్కడ పనిచేసే ఆడవాళ్లు "ఏటమ్మా, ఏటైనా పారేసుకున్నావేటి?" అని అడిగేవారు. అక్క మొన్న వానాకాలంలో చనిపోయింది.

అక్క చేసిన పొరపాటు చెబుతాను, మీకు పనికొస్తుంది. ఒక పెద్ద ప్రొఫెసర్ ఆ అల గురించి ఒక సిద్ధాంతం రాశారు. అది తప్పు. దేశదేశాల వాళ్లు తప్పని రాశారు. రాసిన ప్రతివారూ ఆయన పేరు పేర్కొన్నారు. ఆయన స్కోరు కొబ్బరిచెట్టంత అయింది!

అక్క ఏం చేసింది? సరైన సమాధానం రాసింది. దాంతో వాదన ఆగిపోయింది. ఇక రాయడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. ఆమె స్కోరు లెక్కపెట్టడానికి చేతివేళ్లు చాలు. ఒప్పు రాసేటప్పుడు ముందూ వెనకా చూసుకోవద్దూ?

అక్క దగ్గర పరిశోధన చేస్తున్న యమున, ఆమె సగంలో వదిలిన పనినే కొనసాగిస్తానని కమిటీని అడిగింది. కమిటీ కాదంటే ఆ పని అక్కడితో ఆఖరు. కమిటీ పెద్ద గణపతిరావు గారు స్క్రీను చూశారు.

"ఇంత తక్కువ స్కోరు పట్టుకుని ఏటి సేస్తావమ్మా? ఆ ప్రొఫెసర్ గారి లైను తీసుకో."

"ఆ లైను తప్పని మేడమే తేల్సినారు కదండి."

"తప్పయితే ఏటి? స్కోరున్నాది కదా!"

"మేడం పేపరు ఒక్కసారి సదివినారా సార్?"

"అంకె కనపడతన్నాది కదమ్మా. మళ్లీ సదవడం దేనికి?"

నిజమే కదా! ఎంత సూటిగా చెప్పారు!

ఆ ఆదివారం యమున మా ఇంటికి వచ్చింది. చేతిలో అక్క చివరి పేపరు. కాసేపు నసిగింది.

"మాస్టారూ, కోప్పడకండి. మేడం ఇక్కడొక మెట్టు తప్పేసినారు. లోతు మారినకాడ ఈ లెక్క నిలబడదు."

"ఎన్నిసార్లు చదివావమ్మా?"

"గుర్తెట్టుకోలేదండి."

మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

మేడం చేసిన తప్పును సరిదిద్దుతానని యమున మళ్లీ కమిటీ ముందుకు వెళ్లింది. గణపతిరావు గారి మొహం వెలిగిపోయిందట. "ఇదీ సబ్జెక్టంటే! తప్పున్నాదంటే నలుగురూ రాస్తారు. నలుగురూ రాస్తే స్కోరు అదే లేస్తాది!" అని అక్కడికక్కడే ఒప్పుకున్నారు.

అలా అక్క పని బతికింది. అన్నేళ్లు రాసిన ఒప్పులు చేయలేని సాయం ఒక్క తప్పు చేసి పెట్టింది. ఇంతకంటే న్యాయమైన పద్ధతి ఏముంటుంది చెప్పండి!

కాకపోతే ఒక చిన్న లోటు. తన లెక్కలో తప్పు దొరికిందని తెలిస్తే అక్క ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, "ఏదీ, ఎక్కడ? సూపించు!" అంటూ ఆ పూటంతా వదిలేది కాదు. ఈ వార్త విని అంత సంతోషించే మనిషి ఇంకొకరు లేరు.

ఆమెకు కబురు చేరవేసే ఏర్పాటు మాత్రం కమిటీ దగ్గర లేదు.