నవ్వే గుర్రానికి పళ్ళు

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆ మనిషి ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. రిటైరైన పెద్ద మాస్టారి పళ్ళకు చివరి మెరుగు పెట్టి, పెట్టెలో సర్ది, భార్య చేతికివ్వాలి. ఆమె పంటి డాక్టరుగారి క్లినిక్‌లో పనిచేస్తుంది, వెళ్తూ తీసుకువెళ్తుంది. తరవాత కూతురి స్కూల్లో మట్టిబొమ్మల ప్రదర్శనకు వెళ్ళి, ఒక మూల నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి రావాలి. మాట్లాడకపోవడం అతనికి ఇష్టం. రోజంతా నోళ్ళతోనే పని, కానీ అతని దగ్గరికొచ్చే నోళ్ళు మాట్లాడవు.

డ్రాయింగ్ టీచరు నాలుగో తరగతికి ఇచ్చిన అంశం "నవ్వు". కూతురు నోరంతా తెరిచి నవ్వుతున్న గుర్రాన్ని చేసింది. ఈ ఏడాది ఆమె చేసినవేవీ ప్రదర్శన బల్లదాకా చేరలేదు. కాగితం ఇల్లు వానలో తడిసింది. ఆకుల నెమలి మీద బస్సులో ఎవరో కూర్చున్నారు. "ఈసారి నాది బల్లమీద ఉంటుంది, చూడండి" అని వారం నుంచి ఇంట్లోవాళ్ళకీ ఎదురింటివాళ్ళకీ చెబుతోంది. తండ్రి మాత్రం వేలు పెట్టలేదు. పిల్లల పని పిల్లలే చేసుకోవాలన్నది అతని సిద్ధాంతం. అందులో సిద్ధాంతం ఎంతో, బద్ధకం ఎంతో అతనెప్పుడూ తవ్వి చూసుకోలేదు.

ఆ గుర్రం ఆ పొద్దున అతని కాఫీ కప్పు పక్కనే ఉంది. కాస్త జరుపుదామని ఎత్తాడు. కింది దవడ ఊడి సాసర్లో పడింది.

లోపలిగదిలో జడ వేయించుకుంటున్న కూతురి గొంతు వినిపించింది. "అబ్బా, అంత లాగకమ్మా!"

అప్పుడే వెళ్ళి "విరిగింది తల్లీ" అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూలబడింది. తప్పు చేసిన మనిషి మొదట చూసేది తప్పువైపు కాదు, గుమ్మంవైపు. గుమ్మంలో ఎవరూ లేరు. గుర్రాన్ని ఒక చేత్తో, దవడని ఒక చేత్తో పట్టుకుని పక్కనున్న తన పనిగదిలోకి జారుకున్నాడు.

మట్టి అతుక్కోలేదు. సొరుగులో చిగుళ్ళు పోసే గులాబీరంగు పొడి ఉంది. దాన్ని కలిపి దవడని నిలబెట్టాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ఖాళీ చిగురు కనబడితే అతని చేతులు ఊరుకోవు. బుర్ర ఇంకా అపరాధభావంలో మునిగి ఉండగానే వేళ్ళు చిన్నసైజు పళ్ళు ఏరి వరసగా గుచ్చేశాయి. తేరుకుని చూసేసరికి గుర్రం, అప్పు మంజూరు చేసిన బ్యాంకు మేనేజరులా నవ్వుతోంది.

తీసేసే టైం లేదు. మాస్టారి పళ్ళపెట్టె ఎప్పుడూ బల్లదీపం పక్కన ఉంటుంది. దవడ త్వరగా ఆరాలని ఆ దీపాన్ని ఇవతలకి లాగి, గుర్రాన్ని అలాంటిదే మరో తెల్లపెట్టెలో పెట్టి, దీపం పక్కన ఉంచాడు. ఆరిందనిపించగానే రెండు పెట్టెలకీ మూత వేశాడు.

"నాన్నా, నా గుర్రమేది?"

"ప్యాక్ చేశాను తల్లీ. స్కూలుకి వెళ్ళేదాకా మూత తియ్యకు."

"ఎందుకు?"

"దుమ్ము పడుతుంది."

కూతురు అతని ముఖంలోకి కాస్త ఎక్కువసేపే చూసింది. అతను అద్దాలు తుడుచుకున్నాడు.

"ఏమండీ, దీపం పక్కనున్నదేనా మాస్టారిది?" అంది భార్య చెప్పులు వేసుకుంటూ. రోజూ అడిగేదే.

"ఆఁ, అదే" అన్నాడతను. రోజూ చెప్పేదే.

ఇద్దరూ చెరో పెట్టె పట్టుకుని వెళ్ళిపోయారు. చల్లారిన కాఫీ ఇంత బాగుంటుందని అతనికి ఆ రోజే తెలిసింది. కప్పు ఖాళీ కాకముందే ఫోన్ మోగింది.

"ఏమండీ, మాస్టారి నోట్లో గుర్రాన్ని పెట్టమన్నారా?"

అతను కప్పు కింద పెట్టాడు.

"డాక్టరుగారు మూత తీశారు. మాస్టారు చూసి 'నేను గడ్డి తింటానని ఎవరు చెప్పారు?' అన్నారు. అన్నారనే అనుకుంటున్నాం, పళ్ళు లేవుగా, సరిగ్గా తెలీలేదు. అసలు మన పిల్ల గుర్రానికి పళ్ళెక్కణ్ణించి వచ్చాయి?"

"నేనే... పొద్దున నా చేతిలో దవడ ఊడింది."

"దానికి చెప్పారా?"

"లేదు."

"భలే పనిచేశారు. ప్రదర్శన ప్రారంభించాల్సింది మాస్టారే, గుర్తుందా? టైమైపోతోందని పెట్టె చంకలో పెట్టుకుని, అలిగి, స్కూలుకి వెళ్ళిపోయారు. మీరు పరిగెత్తండి!"

అతను పరిగెత్తాడు. దారిలో క్షమాపణని నాలుగైదు రకాలుగా కూర్చుకున్నాడు. అన్నిట్లోనూ తను కాస్త మంచివాడిలాగే కనబడ్డాడు.

స్కూలు హాల్లో అన్ని బల్లలూ వదిలేసి జనం ఒక్క బల్లచుట్టూ మూగారు. నల్లగుడ్డ మీద మాస్టారి పళ్ళు, పై వరసా కింది వరసా, మెరుస్తున్నాయి. ముందు "నవ్వు" అన్న అట్టముక్క. పక్కన కూతురు చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"చిగుళ్ళు చూడండి, అచ్చం నిజంవే!" అన్నాడొక తండ్రి.

"నాలుగో తరగతి పిల్ల చేసిందంటే నమ్మాలా?" అంది ఒక తల్లి. "మావాడు సొంతంగా చేశాడు కనకే వాడి సూర్యుడు వంకాయలా ఉన్నాడు."

డ్రాయింగ్ టీచరు ఇబ్బందిగా వంగింది. "నిజం చెప్పమ్మా, నువ్వే చేశావా? పెద్దవాళ్ళు చేసింది బల్లమీద ఉంచకూడదు కదా."

కూతురు పెదవులు బిగించింది. బల్లమీద చోటు జారిపోతోందని ఆమె కళ్ళలో తెలుస్తోంది. తండ్రి ఆయాసపడుతూ జనాన్ని తోసుకుని బల్లదాకా వచ్చాడు.

అంతలో మాస్టారు వచ్చారు. పలకరింపులకి జవాబివ్వకుండా నేరుగా బల్లదగ్గరికి నడిచి, పళ్ళు తీసుకుని, అతిథులకు పెట్టిన గ్లాసునీళ్ళలో ముంచి, నోట్లో పెట్టుకున్నారు.

"ఇవి నావి" అన్నారు స్పష్టంగా. తరవాత తండ్రివైపు తిరిగి, "ఎడమపక్క కాస్త నొక్కుతోందోయ్." చంకలోని పెట్టె తెరిచి, ఖాళీ అయిన నల్లగుడ్డ మీద గుర్రాన్ని నిలబెట్టారు. "ఇది పాపది. దవడ తప్ప."

"అయితే దవడ తీసేద్దామండీ, గుర్రాన్ని ఉంచవచ్చు" అంది టీచరు ఆశగా.

మాస్టారు పట్టుకుని లాగారు. టీచరు లాగింది. సూర్యుడి తల్లి కూడా ఒక పట్టు పట్టింది.

"అది ఊడదండీ" అన్నాడు తండ్రి. ఆ గొంతులో గర్వం ధ్వనించడం విని తనకే సిగ్గేసింది. "తప్పు నాది. పొద్దున నేనే విరగ్గొట్టాను. పాపకి ఏమీ తెలీదు. దాని బొమ్మ తీసెయ్యకండి."

ఇంత పొడుగుమాట అతను నలుగురిలో ఎన్నడూ ఆడలేదు. కూతురు అతనివైపు చూసి తలదించుకుంది.

"నాన్న విరగ్గొట్టలేదు టీచర్. నిన్ననే నా చేతిలోంచి జారింది. గమ్‌తో నిలబెట్టి నాన్న కాఫీ పక్కన పెట్టాను."

"అక్కడెందుకే?" అన్నాడు తండ్రి.

"నేను విరగ్గొట్టానంటే 'నువ్వే చేసుకో' అంటావు. నువ్వు విరగ్గొడితే నువ్వే బాగుచేస్తావుగా. పళ్ళు కూడా పెడతావని అనుకోలేదు నాన్నా, నిజం."

హాలు గొల్లుమంది. పొద్దున్నించీ మోస్తున్న నేరాన్ని ఎవరో అతని చేతుల్లోంచి లాగేసుకున్నట్టయింది. తేలికపడాల్సింది పోయి అతనికి కాస్త వెలితిగా అనిపించింది. ఇంత పరుగూ తనదే అయినప్పుడు తప్పు మాత్రం వేరొకరిది కావడం అన్యాయం.

టీచరు కొత్త అట్టముక్క తీసుకుని రాసింది: "గుర్రం: కూతురు. పళ్ళు: తండ్రి." కూతురు దాన్ని చదువుకుని, తనదే ముందుందని తృప్తిపడి, బల్లపక్కన మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడింది.

ప్రదర్శన అయ్యాక గుర్రాన్ని ఇంటికి మోసే పని ఆమె తండ్రికే అప్పగించింది, జారినా అతనే బాగుచేసుకుంటాడని.