పాలడబ్బా పట్టిన వేగం

మధ్యాహ్నంలోగా ఎనిమిది బుట్టల టమాటాలూ అమ్మేయాలని డోరికా పొద్దున్నే లెక్క వేసుకుంది. కాయలు అప్పటికే మెత్తబడ్డాయి, రేపటికి పారబోయడమే. చిక్కల్లా ఆమె కొట్టు డెడ్జా రోడ్డు వాలులో ఉండడం. అక్కడ మినీబస్సులు దూసుకుపోతాయే తప్ప ఆగవు.

పొద్దెక్కితే కాయలకు ఎండ తగులుతుందని పందిరి కోసం మూడు కర్రలు కలిపి నిలబెట్టింది. ముడి జారకుండా పైన ఖాళీ పాలపొడి డబ్బా ఒకటి అడ్డంగా దోపింది. దాని నోరు రోడ్డు వైపు తిరిగింది. చలికి తట్టుకోలేక పాతబట్టల సంతలో కొన్న మెరిసే పసుప్పచ్చ కోటు తొడుక్కుంది.

అంతే, వాలులో వస్తున్న మినీబస్సు కీచుమని ఆగింది. డ్రైవరు జైలోసి టోపీ తీసి చేత్తో పట్టుకుని దిగాడు.

"అక్కా, వాలు లాగేసింది. కేసు రాయకు."

"కేసేంటి తమ్ముడూ, టమాటాలు కావాలా?"

జైలోసి డబ్బా వంక చూశాడు. "అర్థమైందిలే. ఒక బుట్ట ఇవ్వు. బేరమాడను."

అతను బుట్ట ఎత్తుకెళ్లి, ఎదురొచ్చిన ప్రతి బండికీ లైట్లు ఆర్పి వెలిగించి, ముందు స్పీడు చెకింగ్ ఉందన్న సంగతి చేరవేశాడు. ఆ తర్వాత బండ్లన్నీ డోరికా ముందు ఆగడం మొదలైంది. అప్పటికి ఆమెకూ విషయం బోధపడింది. అచ్చం ట్రాఫిక్ పోలీసులా కోటు బొత్తాలు పైదాకా పెట్టుకుంది.

"నూటపది మీద వస్తే నాకు చిన్న బుట్టా?" అన్నాడొక బస్సు డ్రైవరు. "లోపల జనం చూస్తున్నారక్కా, పరువు పోతుంది."

అతనికి పెద్ద బుట్ట ఇచ్చింది.

రెండు బుట్టలు మిగిలాయనగా సార్జెంట్ కంతుకులే, వేగం కొలిచే అసలు మిషన్ భుజాన వేసుకుని, రొప్పుతూ వాలెక్కి వచ్చాడు. కింద ఆయన ఆపిన వాళ్లందరూ టమాటాలు చూపించి, "పైన కట్టేశాం సార్" అంటున్నారట.

"ఎవరిదమ్మా ఈ మిషన్?"

"పాలడబ్బా సార్." సరుకు జప్తు చేస్తాడేమోనని బుట్టలకు అడ్డంగా నిలబడింది.

ఆయన డబ్బాలోకి తొంగిచూశాడు. "ఎంత వేగం చూపిస్తుంది?"

"అది చూపించదు సార్. వచ్చినవాళ్లే చెప్తారు."

ఇంతలో కారొకటి వచ్చింది. సార్జెంట్ తన మిషన్‌లో తొంభైనాలుగు చూపించాడు. మిషన్ తప్పన్నాడు కారాయన, వాలు తప్పన్నాడు. చివరికి పాలడబ్బా వైపు తిరిగి తలవంచాడు. "నిజానికి నూటఐదు."

సార్జెంట్ జరిమానా రసీదు రాసిచ్చాడు. కారు కదల్లేదు.

"నా టమాటాలేవి సార్? ముందు వాళ్లందరికీ ఇచ్చారుగా."

వెనక ఆగిన ఏడు బండ్లలోంచీ అదే ప్రశ్న. సార్జెంట్ సొంత పర్సు తీసి ఆ రెండు బుట్టలూ కొన్నాడు. రసీదుకు ఐదు కాయల చొప్పున పంచడం మొదలుపెట్టాడు.

ఆఖరున ఓ ముసలాయన నలభై దాటకుండా పాత వ్యానులో వచ్చాడు. "ఎన్సిమా ముద్దలోకి కూర లేదమ్మా. కాసిని టమాటాలు ఇస్తావా?"

డోరికా ఖాళీ బుట్టలు బోర్లిస్తూ అంది: "అయిపోయాయి బాబాయ్. రేపు కొంచెం వేగంగా రండి."