మంగు పట్టిన లారీ

కొత్త లారీ కొన్నవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

పాపం, వాళ్ల బతుకులో ఏం మిగిలింది? తాళం తిప్పుతారు, బండి స్టార్ట్ అవుతుంది. బ్రేకు తొక్కుతారు, ఆగుతుంది. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరుతామని ముందే తెలిసిపోతుంది. ఉత్కంఠ లేదు, ప్రార్థన లేదు, నలుగురి సాయం లేదు. ఇదీ ఒక ప్రయాణమేనా?

అందుకే పాఠకులారా, నా మాట వినండి. కొంటే సెకండ్ హ్యాండ్ డీజిల్ లారీనే కొనండి. అందులోనూ, రోగం ఫలానా అని ఏ మెకానిక్కూ తేల్చి చెప్పలేని లారీని వెతికి మరీ కొనండి. అంతకు మించిన వరం ఈ భూమ్మీద లేదు!

నేను గాలి మాటలు చెప్పే మనిషిని కాను. హాలియాలో బత్తాయి వ్యాపారిని. రైతుల తోటల్లో కాయ కొని పట్నం మార్కెట్లో అమ్ముతాను. లాభం లేని పనికి నేను కుర్చీలోంచి కూడా లేవనని ఊరందరికీ తెలుసు. మా ఆవిడ స్వరూప అయితే ఇంకో అడుగు ముందుకేసి, "లాభం లేదంటే గీయన తుమ్ము గూడ తుమ్మడు" అని చుట్టాల ముందే అంటుంది. అలాంటి నేను ఒక వస్తువును మెచ్చుకుంటున్నానంటే, అన్ని లెక్కలూ చూసుకునే మెచ్చుకుంటున్నానని నమ్మండి.

అసలు కథలోకి వెళ్లేముందు మా వ్యాపారం సంగతి కొంచెం చెప్పాలి. బత్తాయి తొక్క మీద ఒక్కోసారి గోధుమ రంగు మచ్చ వస్తుంది. దాన్ని మంగు అంటాం. లోపల రసం ఎంత తియ్యగా ఉన్నా సరే, మంగు పట్టిన కాయకు ధర పడిపోతుంది. కొనేవాడు చూసేది తొక్కనే కదా!

ఇక రెండోది సూటు. టన్ను కాయ తూస్తే, అందులో కొంత దారిలో నలుగుతుందని, కొంత కుళ్లుతుందని, కొంతకు మంగు ఉందని చెప్పి ఆ మేరకు ముందే లెక్కలోంచి తీసేస్తాం. ఆ కాయ కూడా మా లారీలోనే వస్తుంది. దానికి ధర మాత్రం కట్టం. కొందరు రైతులు దీన్ని దోపిడీ అంటారు. ఆచారం విలువ తెలియని వాళ్ల మాటలు పట్టించుకుంటే వ్యాపారం చేయగలమా?

ఇన్నేళ్లుగా తొక్క చూసి ధర కట్టిన కళ్లివి. ఆ కళ్లతోనే చిట్యాల వెళ్లి లారీ కొన్నాను.

చిట్యాల దగ్గర హైవే పక్కన ఐలేశం అనే ఆయన పాత బండ్లు అమ్ముతాడు. ఆయన జాగాలో నా లారీ కొత్త పెళ్లికొడుకులా నిలబడి ఉంది. నిగనిగలాడే పసుపు రంగు. అచ్చం పండిన బత్తాయి! చుట్టూ తిరిగి చూశాను, ఎక్కడా మచ్చ లేదు. గోటితో గీకి చూశాను. అరచేత్తో తట్టి చూశాను. వాసన చూశాను. బానెట్ ఎత్తి లోపల చూడాలని మాత్రం తోచలేదు. తోటలో ప్రతి కాయనూ కోసి చూసి కొనే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా?

ఇంజను అప్పటికే వేడిగా ఉంది. ఎందుకని అడిగాను.

"పొద్దటి సంది గిరాకీలు ఒక్కతీరుగ తిప్పి తిప్పి చూస్తుండ్రు సేటు. గా ఇంజనుకు సల్లబడే టైమే దొరుకుతలేదు" అన్నాడు ఐలేశం.

గిరాకీ ఉన్న సరుకన్నమాట! నేను ఇంకా పట్టుదలగా బేరమాడాను. ఆయన దిగాడు, నేను ఇంకా దింపాను. చివరికి చేతులు జోడించాడు. "నువ్వు గెల్సినవ్ సేటు. గనీ ఇది గుత్త బేరం. ఉన్నది ఉన్నట్టు తోలుకపో. రేపొచ్చి గది లేదు, గిది లేదంటే నడువది."

గుత్త బేరం గురించి నాకా చెప్పేది? చెట్ల మీద కాయ ఉండగానే తోట మొత్తానికి ఒకే ధర చెప్పి కొనేవాణ్ని! సంతోషంగా చేతిలో చెయ్యి వేశాను. బండిని ఇలా వాలులో, మూతి రోడ్డుకేసి ఎందుకు నిలబెట్టావని మాటవరసకు అడిగితే, "వాస్తు సేటు" అన్నాడు. ఎంత పద్ధతి గల మనిషి!

ఆ వాస్తు సంగతి మర్నాడు హాలియాలో తెలిసింది. బండికి సెల్ఫ్ పని చేయదు. వాలులో దొర్లిస్తేనో, నలుగురు నెడితేనో తప్ప ఇంజను మేలుకోదు.

వరాలు అక్కడి నుంచే మొదలయ్యాయి.

రోజూ పొద్దున మా డ్రైవర్ సాయిలు, "జర నూకుండ్రన్నా!" అని ఒక్క కేక వేస్తాడు. బజారంతా చాయ్ గ్లాసులు పక్కన పెట్టి వచ్చేస్తుంది. గోడ జాగా కోసం కోర్టుకెక్కి ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోని అన్నదమ్ములు నా లారీ వెనక భుజం భుజం కలిపారు. ఎడమ పక్కన ఒక పార్టీ, కుడి పక్కన ఇంకో పార్టీ, మధ్యలో టికెట్ రాక అలిగినవాళ్లు. తెలంగాణ కోసం కొట్లాడిన రోజుల తర్వాత మా ఊళ్లో అన్ని జెండాల వాళ్లూ ఒకే దిక్కుకు నెట్టడం ఇదే మొదటిసారి! కొత్త లారీతో ఇంత ఐకమత్యం సాధించగలరా?

భూగోళ జ్ఞానం సంగతి చెప్పక్కర్లేదు. హాలియా నుంచి పట్నం దాకా ఎక్కడ ఎంత వాలుందో రోడ్డు వేసిన ఇంజనీర్లకైనా గుర్తుందో లేదో గానీ, నాకూ సాయిలుకూ గుర్తే. మీరు రుచి చూసి హోటల్ ఎంచుకుంటారు. మేము వాలు చూసి ఎంచుకుంటాం. సాయిలు సీసాలోంచి కాసిన్ని నీళ్లు రోడ్డు మీద పోసి, అవి ఎటు పారితే అటు మూతి పెట్టి బండి ఆపుతాడు. ఇడ్లీ రాయిలా ఉన్నా వాలు బాగుంటే తిని లేస్తాం.

మరి పొగ? నా లారీ వెళ్లిన వీధిలో ఆ పూట దోమ కనిపిస్తే ఒట్టు! పక్క గల్లీ ఆడవాళ్లు ఫోన్ చేసి మరీ, "సేటు, పొద్దుగూకినంక మా గల్లీలకెల్లి ఒక్కపారి పోనియ్యరాదు" అని బతిమాలుతున్నారు. డీజిల్ బంకు ఓనరైతే నన్ను చూడగానే లేచి నిలబడతాడు. మా పెళ్లిలో అత్తగారి వాళ్లు కూడా నాకంత మర్యాద చేయలేదు.

మొదటి వాన పడిన రోజున పసుపు రంగు కారిపోయింది. దాని కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద నీలం. ఒక్కో రంగు కింద ఒక్కో పాత ఓనరు పేరు. అన్నిటికంటే అడుగున, వెనక డోరు మీద పెద్ద కోడిపుంజు బొమ్మ తేలింది. జడ్చర్ల వైపు కోళ్లు మోసిన బండట! ఇంజను వేడెక్కినప్పుడల్లా క్యాబిన్లో కమ్ముకునే వాసన ఎక్కడిదో అప్పుడర్థమైంది. ఏ ఊళ్లో అడుగుపెట్టినా కుక్కలన్నీ వెంటబడి మరీ వస్తాయి. ముందు పొగ, వెనక కాన్వాయ్. ఇంతటి వైభవం ఓట్లేసి గెలిపించినా దొరకదు!

భక్తి కూడా పెరిగింది. బ్రేకులు ఒక్కోసారి పడవని తెలిశాక స్వరూప ఆలంపూర్ జోగులాంబకు మొక్కుకుంది. ఆ మొక్కు తీర్చుకోవడానికి మాత్రం బస్సులో వెళ్లింది.

ఒకసారి హైవే మీద టోల్‌గేటు దగ్గర బండి ఆగిపోయింది. గేటు ఎత్తారు, బండి కదలదు. వెనక హారన్లు దద్దరిల్లుతున్నాయి. ఇక లాభం లేదని టోల్ సిబ్బందే కుర్చీల్లోంచి లేచి వచ్చి, నెట్టి మమ్మల్ని అవతల పడేశారు. ఈ దేశంలో టోల్‌గేటు వాళ్ల చేత బండి నెట్టించుకున్న మొనగాడు ఇంకెవరైనా ఉన్నాడా? ఉంటే చెయ్యి ఎత్తమనండి!

ఇవన్నీ సరేగానీ వ్యాపారం మాటేమిటని మీరు అడుగుతారు. అడగాలి కూడా.

కాల్వ కింద నర్సింగమ్మ తోట ఉంది. ఆ తోట కాయకు పట్నంలో ఎంత పేరంటే, ఆ కాయ తెచ్చిన వ్యాపారి దగ్గరికే కొనేవాళ్లు ముందుగా వస్తారు. ఆ తోట చేజారితే హాలియాలో నన్ను వ్యాపారి అనేవాడే ఉండడు. నా పోటీదారు వెంకటనర్సు కొత్త లారీ కొన్ననాటి నుంచి ఆ తోట చుట్టూ తిరుగుతున్నాడు. ఎండాకాలం కాయను నర్సింగమ్మ నాకే ఇచ్చింది గానీ, ఒక షరతు పెట్టింది.

"కాయ తెల్లారి పట్నం వేలానికి అందాలె సేటు. అందకుంటే వచ్చే పంట వెంకటనర్సుకే."

లోడు రోజు రానే వచ్చింది. లారీలో వరిగడ్డి పరిచి కాయ నింపాం. ఆచారం ప్రకారం మంగు చూపించి సూటు తీశాను. నర్సింగమ్మ కొంగు నడుముకు దోపుకుని చూస్తూ నిలబడింది. సాయిలు తాళం తిప్పాడు. టిక్కుమంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ టిక్కు. చదునైన తోట, పేరుకైనా వాలు లేదు. కూలీలంతా కలిసి నెట్టారు. నిండు లోడు, కదిలితే కదా! చివరికి నర్సింగమ్మ ట్రాక్టరే తాడు కట్టి లాగింది. ఇంజను దగ్గి, మూలిగి, లేచింది.

లేచిన బండి నేరుగా వెళ్లి కాల్వ వంతెన ఎక్కుతూ సగంలో ఆగిపోయింది. సాయిలు దూకి టైర్ల కింద రాళ్లు పెట్టాడు. నేను, వెనకే ట్రాక్టర్ మీద వచ్చిన నర్సింగమ్మ, మమ్మల్ని విడవని కుక్కలు, అందరం వంతెన మీద నిలబడ్డాం. సరిగ్గా అప్పుడే అటు నుంచి వెంకటనర్సు కొత్త లారీ ఖాళీగా వచ్చి ఆగింది.

"ఏంది సేటు, కాల్వ నీళ్లు చూడవట్టినవా?" అని నవ్వుతూ దిగి, నర్సింగమ్మ వైపు తిరిగాడు. "అక్కా, కాయ నా బండ్లెయ్యి. వచ్చే పంట గూడ నాకే ఇయ్యి. నా బండిల ఏసీ గూడ ఉన్నది."

"ఏసీ కాయకా, నీకా?" అంది నర్సింగమ్మ.

వెంకటనర్సు కండువా సర్దుకున్నాడు.

"గది సరే. టన్నుకు సూటు ఎంత తీస్తున్నవ్ గిప్పుడు?"

"జర పెరిగిందక్కా... కొత్త బండి గదా, కిస్తీలున్నయ్."

"అంటే నీ బండి కిస్తీ నా చెట్లు కట్టాల్నా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. చిరునవ్వు నవ్వాను. అది చూసి ఆమె నా వైపు తిరిగింది.

"సేటు, మచ్చున్న కాయకు సూటు తీస్తవు గదా?"

"ఆచారం గదా అక్కా."

"మరి మచ్చున్న బండికి ఎవరు తియ్యాలె?"

నేను కాల్వ వైపు చూశాను. నీళ్లు నిజంగానే బాగున్నాయి.

"నా కాయకు లోపట రసమన్న ఉన్నది. గీ బండికి పైన తొక్కా లేదు, లోపట రసమూ లేదు. దీని సూటు నేను తీస్త. పొద్దుగాల నువ్వు తీసిన కాయంత మల్ల లెక్కల కలుపు. వచ్చే పంటకు గూడ సూటు లేదు. ఒప్పుకుంటే తోట నీది. లేకుంటే గాయన ఉండనే ఉండె."

ఏం చేయమంటారు? ఒప్పుకున్నాను. ఆమె వెంకటనర్సును పిలిచి, పట్నం దాకా కిరాయికి వస్తావా అని అడిగింది. కిస్తీ కట్టాల్సిన మనిషి కిరాయి కాదంటాడా? తల గోక్కుని, కాయను తన లారీలోకి ఎక్కించుకున్నాడు. నా బేరం, ఆయన బండి, ఆమె తూకం! కాయ వేలానికి అందింది. తోట నాకే దక్కింది.

తర్వాత ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అక్కా, అంత మంచి బండి పెట్టుకుని ఆయన వస్తే, తోట నాకెందుకిచ్చినవ్?"

"ఆగని బండోడు మా మాట ఇంటడా సేటు? నీది దినాం ఆగుతది. ఆగినప్పుడల్లా నువ్వు ఎంత మంచిగ మాట్లాడుతవు!"

ఈ ముచ్చట కాల్వ పొడవునా పాకిపోయింది. ఇప్పుడు ఏ తోటకు వెళ్లినా రైతులు ముందు బండి దిక్కే చూస్తున్నారు. "ఇంకా బాగుకాలే గదా సేటు? అయితే మా కాయ గూడ నువ్వే కొను" అంటున్నారు. నాకు ఇన్ని తోటలు ఎప్పుడూ లేవు. ఇంత తక్కువ మిగలడమూ ఎప్పుడూ లేదు.

ఇక లాభం లేదని బండిని బాగు చేయిద్దామని మెకానిక్ ఏసోబు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి చాలాసేపు చూసి, చేతులు తుడుచుకుని, మెల్లగా అన్నాడు: "చెయ్యొచ్చు సేటు. గనీ మా బావది గూడ బత్తాయి తోటే."

పాత లారీ గొప్ప వరమని మొదట్లోనే చెప్పాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. ఎవరికి వరమో చెప్పలేదు, అంతే. అందుకే తోటి వ్యాపారులారా, మీ కాళ్లు పట్టుకుంటాను, మీరూ తలా ఒక పాత లారీ కొనండి! జిల్లాలో సూటు లేకుండా కాయ కొనే దరిద్రం నా ఒక్కడికే ఎందుకు?

మొన్న శుక్రవారం నర్సింగమ్మ పనిగట్టుకుని మా ఇంటికి వచ్చి, లారీ మూతికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. నా కళ్లు చెమర్చాయి.

"బండి మంచిగ నడవాలని కడుతున్నవా అక్కా?"

"ఛ, గదేం మాట సేటు!" అంది ముడి బిగిస్తూ. "ఎవ్వని దిష్టీ తాకకుండ, ఎప్పటికీ గిట్లనే ఉండాలని."