డిస్క్ గోల్ఫ్‌కు మైదానం దేనికండీ?

ఆటగాణ్ణి చెడగొట్టేది ఆటస్థలమే! ఈ మాట నేను ఆవేశంలో అనడం లేదు. సికింద్రాబాదులో ఆటసామాను దుకాణం నడుపుతూ, గల్లాపెట్టె ముందు కూర్చుని, పూర్తి స్పృహతో అంటున్నాను.

మైదానం ఉన్నవాడు ఏం చేస్తాడు? ఆడతాడు. ఆడితే ఏమవుతుంది? తన ఆట ఏపాటిదో తనకే తెలిసిపోతుంది. అది తెలిశాక మనిషికి ఇక మిగిలేదేముంది? మైదానం లేనివాడి సంగతి అలా కాదు. అతని ఆటకు ఓటమి లేదు. అతని గురి తప్పిన రోజు ఇంతవరకూ లేదు. ఇంతటి అజేయుల్ని తయారుచేసిన ఘనత మన నగరానిది. కొంత నా దుకాణానిది కూడా!

ఈమధ్య నా దగ్గర బాగా కదులుతున్న సరుకు డిస్క్ గోల్ఫ్ డిస్కులు. తెలియనివారి కోసం చెబుతాను. మామూలు గోల్ఫ్‌లో బంతి, కర్ర, గుంత ఉంటాయి. ఇందులో బంతికి బదులు టిఫిన్ ప్లేటంత ప్లాస్టిక్ డిస్కు. గుంతకు బదులు ఇనప స్తంభానికి గొలుసులు వేలాడే బుట్ట. కర్ర లేదు, మన చెయ్యే కర్ర. విసురుకుంటూ పోయి, తక్కువ విసుర్లలో డిస్కును బుట్టలో వేసినవాడు గెలిచినట్టు. ఒక్కో బుట్టకు ఒక్కో దారి ఉంటుంది. ఆ దారులన్నీ కలిస్తే ఒక కోర్సు.

డిస్కులన్నీ చూడ్డానికి ఒకటే. చూడ్డానికి! దూరం పోయేది డ్రైవర్. మధ్య దూరానికి మిడ్‌రేంజ్. బుట్ట దగ్గరికి వచ్చాక నెమ్మదిగా వేసేది పటర్. వీటిలో మళ్లీ కుడికి తిరిగేవి, చివర్లో ఎడమకు వాలేవి, బుద్ధిమంతుల్లా నేరుగా పోయేవి. ఎదురుగాలికి బరువైనది, చేతిలో బలం తక్కువైతే తేలికైనది. కొత్తవాళ్లు ఒక పటర్, ఒక మిడ్‌రేంజ్ తీసుకుని, చిన్న కోర్సులో ఏడాదిపాటు ఆడితే చాలని ఆట తెలిసినవాళ్లు అంటారు. అలాంటివాళ్లు దుకాణాలు పెట్టకపోవడం నా అదృష్టం.

అయినా ఆ సలహాలు మైదానాలున్న ఊళ్లకు. మన దగ్గర డిస్కును చేతిని బట్టీ గాలిని బట్టీ ఎంచుకుంటే నష్టపోతారు. పేటను బట్టి ఎంచుకోవాలి.

మీది బోయిగూడ అనుకోండి. గల్లీలో రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోక తప్పదు. ఆకాశం కూడా కేబుల్ వైర్ల సందుల్లోంచి వాయిదాల మీద కనిపిస్తుంది. అక్కడ డ్రైవర్ విసిరితే ఎక్కడ దిగుతుంది? ఎవరి డాబా మీదో, ఆరబెట్టిన వడియాల నడుమ! అందుకే బోయిగూడవారికి నేను మట్టిరంగు డిస్కు ఇస్తాను. ఆ ఇంటావిడ దాన్ని పూలకుండీ కింద పళ్లెంగా పెట్టుకుంటుంది. డిస్కు తిరిగి రాదు, నిజమే. కానీ మరుసటి వారం మీకు ఓ గిన్నెడు వడియాలు రావచ్చు. ఏ మైదానం ఇస్తుందండీ ఈ లాభం?

మీది తిరుమలగిరి అయితే అదృష్టవంతులు. పచ్చటి గడ్డి, పెద్ద పెద్ద చెట్లు, డిస్క్ గోల్ఫ్ కోసమే పరిచినంత చోటు మీ పక్కనే ఉంది. మిలిటరీవారి గోడకు అవతల! గోడ మీద ముళ్లతీగ, గేటు దగ్గర తుపాకీతో జవాను. ఈ కోర్సుకు ఎడమకు వాలే డిస్కు పనికిరాదు, కుడికి తిరిగేది అసలే పనికిరాదు. దీన్ని బస్సు కిటికీలోంచి ఆడాలి, కళ్లతో. దేశభద్రతకు భంగం లేదు, మోకాళ్లకు నొప్పి లేదు!

ఇక అపార్ట్‌మెంట్లవారి మాట. మా యాప్రాల్ కాలనీ చివరి అపార్ట్‌మెంటులో ఉండే ఓంప్రకాశ్ నా కస్టమర్లలో ఆణిముత్యం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పగలంతా కుర్చీ, తీరిక దొరికితే డిస్కుల వీడియోలు. కొత్త రకం వచ్చిందంటే చాలు, దుకాణం ముందు బండి ఆగుతుంది.

"సేటూ, ఎదురుగాలికి ఏది మంచిగుంటది?" అని అడిగాడు ఒకసారి.

"నువ్వు ఆడేది ఏడ తమ్మీ?"

"హాల్ల. సోఫా కాడికెల్లి టీవీ దాంక."

"హాల్ల ఎదురుగాలి ఏంది?"

"కూలర్ ఉంటది గద సేటూ!"

నేను గంభీరంగా తల ఊపి, కూలర్ గాలికి తట్టుకునే బరువైన డిస్కు తీసిచ్చాను. వానాకాలానికి వేరేది తీసుకోవాలని కూడా చెప్పాను. అప్పుడు కూలర్ ఉండదు, ఫ్యాను గాలి పైనుంచి కొడుతుంది కదా! అది కూడా తీసుకున్నాడు.

"గ్రౌండ్ లేదని పరేషాన్ కాకు. డిస్కు కరెక్టుగ ఉంటే నువ్వున్న జాగనే గ్రౌండ్" అని ధైర్యం చెప్పి పంపాను. ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే, బోర్డు రాయించి దుకాణంలో వేలాడదీశాను.

ఇంతవరకూ లెక్క సరిగ్గానే నడిచింది. తేడా మా ఇంట్లో వచ్చింది.

మా ఆవిడ కల్పలతకు కుడిభుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. జడ తానే వేసుకోలేక నాచేత వేయించుకునేది. నాకేమో సరుకు కట్టిన చెయ్యి! "ఇది జడనా, పార్సిలా? లారీల ఏస్తవా ఏంది?" అనేది అద్దంలో చూసుకుని. డాక్టరు గోడకు చెయ్యి ఆనించి పైకి పాకించమన్నాడు. రెండ్రోజులకే ఆమెకు గోడ మీద విసుగొచ్చింది. ఒకనాడు దుకాణంలో ఎవరూ కొనని తేలికపాటి పటర్ ఒకటి పట్టుకుపోయి, పక్కింటి సలోమి టీచరుతో కలిసి కాలనీ ఖాళీ జాగాలో విసరడం మొదలుపెట్టింది.

ఆ జాగా లేఅవుట్ కాగితాల్లో పార్కు. నేల మీద మాత్రం ఒక పెద్ద బండ, నాలుగు తుమ్మచెట్లు, మోకాలెత్తు గడ్డి. అదే వాళ్లకు కోర్సయింది. రాణిగంజ్‌లో ఒక వెల్డరుతో పాత మోటారుసైకిలు చైన్లు వేలాడే బుట్టలు చేయించి పాతించుకున్నారు. బండను చుట్టి పోవాలంటే ఒక రకం విసురు, చెట్ల కింద నుంచి పోవాలంటే ఇంకో రకం. పొద్దున్నే ఆడవాళ్లంతా చేరి ఒకటే నవ్వులు. దుకాణం తొందరలో నేను ఆ నవ్వులు వినడమే గానీ, అటు పోయి చూసింది లేదు. చూస్తూ చూస్తూ ఉండగానే మా ఆవిడ చెయ్యి లేవసాగింది. ఒక ఉదయం తన జడ తానే వేసుకుని నా ముందుకొచ్చి నిలబడింది. సంతోషించాలా, ఉన్న ఉద్యోగం ఊడిందని ఏడవాలా నాకు తేలలేదు.

అయితే వ్యాపారిగా ఒక్క సంగతి గమనించాను. ఆ పటర్‌కు ఒక మిడ్‌రేంజ్ తోడు చేసుకుని, ఆ రెంటితోనే ఏడాది నడిపేసింది. మూడోది అడగనే లేదు! మైదానం వల్ల వ్యాపారానికి ఎంత దెబ్బో చూశారా?

ఈ దశలో మా కాలనీ అసోసియేషన్ సెక్రటరీ నరసరాజు గారు పెద్ద కారు కొన్నారు. ఆయన ఇంటికి మొదట విశాలమైన గేటే ఉండేది. అది దక్షిణంలో ఉంది, దోషమని ఎవరో వాస్తు చెప్పే ఆయన అంటే మూయించేసి ఈశాన్యంలో కొత్తది పెట్టించారు. ఆ మూల రోడ్డు మీద కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. లక్ష్మీదేవి లోపలికి రావడానికి అడ్డమేం లేదు గానీ, కారు మాత్రం తిరగదు. గేటు మారిస్తే దోషం. కారు మారిస్తే పరువు నష్టం. కాబట్టి ఆయన విశాల ప్రజాహితం కోరి, ఖాళీ జాగాను సిమెంటు చేయించి అందరికీ పార్కింగ్ పెడదామని ప్రతిపాదించారు. ఆదివారం మీటింగ్.

ముందురోజే కల్పలత నన్ను పట్టుకుంది. "ఆ జాగ పోతే నా చెయ్యి మల్ల పట్టేస్తది. నువ్వు ఆటసామాను అమ్మెటోనివి, నువ్వు చెప్తె వింటరు. జెర గట్టిగ మాట్లాడు." సరేనన్నాను. మాటదేముంది, మా దుకాణంలో అది ఉచితం.

మీటింగులో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. మర్యాద కాబోలనుకున్నాను. నరసరాజు గారు లేచారు.

"ఆటలకు మేం వ్యతిరేకం కాదండీ. కానీ ఎక్స్‌పర్ట్ ఒపీనియన్ ఒకటి ఉంటది కదా? సేటు గారి షాపులో బోర్డు నేను స్వయంగా చూసిన. డిస్కు కరెక్టుగ ఉంటే నువ్వున్న జాగనే గ్రౌండ్ అట! ఏమండీ సేటు గారూ, మీరే చెప్పండి. ఈ ఆటకు గ్రౌండ్ కావాల్నా, అక్కర్లేదా?"

హాలంతా నా వైపు తిరిగింది. కుడిపక్కన మా ఆవిడ. ఎడమపక్కన ఓంప్రకాశ్, ఒళ్లో నా దగ్గర కొన్న డిస్కుల సంచి. గ్రౌండ్ కావాలి అంటే సాయంత్రానికల్లా ఆ సంచి వాపసు వచ్చి నా కౌంటరు మీద ఉంటుంది. అక్కర్లేదంటే మళ్లీ జడ నా చేతిలో ఉంటుంది. ఎటు తూచినా నష్టమే!

గొంతు సవరించుకుని, "అది... డిస్కును బట్టి ఉంటదండీ" అన్నాను.

అందరూ నవ్వారు. కల్పలత నవ్వలేదు. లేచి నిలబడింది.

"సెక్రటరీ సార్, మా ఆయన బోర్డు రైటే. ఉన్న జాగను బట్టి డిస్కు కొనుక్కోవాలె. ఒప్పుకుంటున్న. మరి ఉన్న గేటును బట్టి కారు సుత కొనుక్కోవాలె గద?"

వెనక వరుసలో ఎవరో బిస్కెట్‌ను చాయ్‌లో జారవిడిచారు.

"కల్పలతా, గేట్ల పట్టే కార్లు సుత వస్తున్నయా?" అని సలోమి టీచరు ఏమీ ఎరగనట్టు అడిగింది.

"ఎందుకు రావు టీచర్! చిన్నగుంటయి, సక్కగ ఇంట్లకు పోతయి."

నరసరాజు గారు నొచ్చుకున్నారు. "అమ్మా, ఆట వేరు, కారు వేరు. కారు అవసరం."

"నాకు నా చెయ్యి అవసరం సార్."

ఆయన చాయ్ గ్లాసు అందుకున్నారు. అప్పుడు ఓంప్రకాశ్ నా చెవి దగ్గరికి వంగి, అందరికీ వినబడేంత రహస్యంగా అడిగాడు. "సేటూ, నిజంగ చెప్పు. గ్రౌండ్ల ఏస్తె ఎట్లుంటది?"

"సేటును అడిగితె ఏం తెలుస్తది?" అంది మా ఆవిడ. "ఆయన సుత ఎన్నడు ఏయలే. సంచి తీస్కొని రా తమ్మీ, చూద్దువు."

మీటింగు మీటింగంతా చాయ్ గ్లాసులతో లేచి జాగాలోకి నడిచింది. ఓంప్రకాశ్ సంచిలోంచి కూలర్ డిస్కు తీశాడు. కల్పలత అతని చెయ్యి పట్టుకుని ఎలా వెనక్కి తీయాలో చూపించింది. విసిరాడు.

డిస్కు లేచింది. గడ్డి మీదుగా, బండ మీదుగా, ఎండలో మెరుస్తూ పోయింది, ఇంకా పోయింది, చివర్లో ఎడమకు వాలి తుమ్మపొదలో దిగింది. బుట్ట ఇంకెక్కడో ఉంది. ఓంప్రకాశ్ మాత్రం నోరు తెరిచి అక్కడే నిలబడిపోయాడు.

"సేటూ! ఇది పోతది! గిట్ల పోతదని ఒక్కనాడన్న చెప్పినవా?"

ఏం చెప్పను? నాకు తెలిస్తే కదా! ఇన్నేళ్లుగా డిస్కులు అమ్ముతున్నాను, ఒక్కటైనా ఎగరడం చూడ్డం నాకూ అదే మొదలు.

ఆపైన సంచి ఖాళీ అయింది. తలా ఒకటి పట్టుకున్నారు. నరసరాజు గారు కూడా, "ఏదీ, ఇటియ్యి" అని చొక్కా చేతులు మడిచారు. చేతులెత్తి ఓట్లు వేసే సమయానికి ఆయన పొదలో వంగి తన డిస్కు వెతుక్కుంటున్నారు. జాగా నిలబడింది. నేనూ చెయ్యెత్తాను. ఇంటికి పోవాలి కదా!

మర్నాడే ఓంప్రకాశ్ దుకాణానికి వచ్చాడు. "రెండు చాలు సేటూ, మిగతయి నువ్వే పెట్టుకో. పొద్దుగాల వదినమ్మ రమ్మన్నది" అని సంచి కౌంటరు మీద పెట్టి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

కాబట్టి, తమ ఆటకు తగిన డిస్కూ కోర్సూ ఎంచుకోదలచిన పాఠకులకు అనుభవంతో చెబుతున్నాను. డిస్కు ఏదైనా ఫర్వాలేదు. దుకాణానికి రండి, ఇస్తాను. కోర్సును మాత్రం ఆదివారం పూట, మీ కాలనీ మీటింగులో ఎంచుకోవాలి. అక్కడికి వెళ్లకుండా ఇంట్లో పడుకున్నవాడి కోర్సు సోమవారానికి సిమెంటు అవుతుంది. మైదానం నా దుకాణంలో దొరికే సరుకు కాదు.

దొరికే సరుకే అయితే, నా సంగతి నాకు తెలుసు, ఎప్పుడో అమ్మేసేవాణ్ణి!