ఊరికే వెళ్ళిన ఊరు

భార్యాభర్తలిద్దరు ఏ పనీ లేకుండా శని, ఆదివారాలు పడమటి వైపున్న ఒక చిన్న నగరానికి వెళ్ళివచ్చారన్న వార్త నిజమేనని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. దీనివల్ల ఎవరికీ ప్రాణహాని జరగలేదు. ప్రజలు వదంతులను నమ్మవద్దు. నమ్మక తప్పదనుకుంటే ఒకదానితో ఒకటి పొంతన కుదిరేవాటినే నమ్మవలసిందిగా మనవి.

వెళ్ళినాయన నీటి సరఫరా శాఖలో ఫిర్యాదుల విభాగానికి సూపరింటెండెంటు. కుళాయిలో నీళ్ళు రావడం లేదని ఎవరైనా వస్తే, రాకపోవడానికి తగిన కారణం చెప్పి పంపడం ఆయన ఉద్యోగం. నీళ్ళు లేకపోయినా ఫరవాలేదు గానీ కారణం లేకపోతే ఆ ఆఫీసులో పూట గడవదు. ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇద్దరూ కలిసి చాలా ఊళ్ళే తిరిగారు. పెళ్ళిళ్ళకు వెళ్ళారు, పరామర్శలకు వెళ్ళారు, ఆపరేషన్లకు వెళ్ళారు, అన్నదమ్ముల తగవులు తీర్చడానికీ వెళ్ళారు. ఎవరికీ పెళ్ళి కాకుండా, ఎవరూ పోకుండా, ఎవరి కాలూ విరగకుండా వాళ్ళు ఊరి పొలిమేర దాటిన దాఖలాలు మాత్రం లేవు.

అటువంటి ఇంట్లో ఒక సాయంత్రం టీచరమ్మ దిద్దుతున్న పరీక్ష పేపర్లు పక్కకు తోసేసింది.

"ఏమండీ, ఎక్కడికైనా వెళ్ళొద్దామా?"

"ఎవరికేమైంది?" అన్నాడాయన ఉలిక్కిపడి.

"ఎవరికీ ఏమీ కాలేదు. ఊరికే."

"ఏ ఊరికి?"

"ఏ ఊరికైనా. ఊరికే!"

ఆయనకు నిజంగానే భయం వేసింది. కానీ ఆవిడ అడగక అడగక అడిగింది. కాదనడానికి ఎంత వెతికినా, అన్ని కారణాలు చెప్పగల మనిషికి ఒక్క కారణమూ తట్టలేదు. పడమటి నగరాన్ని ఎంచుకున్నది టీచరమ్మే. ఆ ఊళ్ళో చుట్టమన్నవాడు ఒక్కడూ లేకపోవడమే దాని ప్రత్యేకత.

సెలవు అడగడానికి వెళితే పై ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ప్రసంగాలు చేసేముందు ఆయన అలా పెడతాడు.

"ఏమయ్యా, నా సర్వీసులో ఎన్ని సెలవులిచ్చాను! జ్వరాలకిచ్చాను, చావులకిచ్చాను. ఒకే మనిషికి ఒకే నాయనమ్మ మళ్ళీ మళ్ళీ పోతున్నా నోరెత్తకుండా ఇచ్చాను. ఎందుకు? అందులో ఒక పద్ధతుంది! ఇప్పుడు ఊరికే అంటే ఇచ్చేశాననుకో, రేపు ఈ వ్యవస్థ ఏమైపోవాలి? మనిషన్నాక ఏదో ఒక కష్టం ఉండాలి కదయ్యా!"

ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి, "సరే, నాతో చెప్పలేకపోతే చెప్పకు. ధైర్యంగా ఉండు" అని సెలవు ఇచ్చేశాడు.

ఆ ధైర్యంగా ఉండు అన్న ముక్క సూపరింటెండెంటు తన కుర్చీ దాకా రాకముందే ఆఫీసంతా చుట్టివచ్చింది. మధ్యాహ్నానికి అది గుండెజబ్బయింది, టీ వేళకు మూత్రపిండాలకు పాకింది. ఎదురింటావిడ మాత్రం అది జబ్బు కాదనీ, విడాకులనీ, పెద్ద లాయర్లందరూ పడమటనే ఉంటారనీ తేల్చి చెప్పింది. బావగారు ఫోన్ చేసి, మాకు చెప్పకుండా స్థలం కొంటున్నారట, కొనండి కొనండి, మేమేం అడ్డమా అని నిష్ఠూరమాడాడు. ఎవరి మనసులో ఏముందో కనుక్కోవాలంటే ఇంతకంటే సులువైన మార్గం లేదు. అక్కయ్య మాత్రం, "ఒరేయ్ తమ్ముడూ, ఏ జబ్బైనా సరే నేనున్నానురా" అని ఏడ్చింది. తనకు ఏ జబ్బూ లేదని ఆయన ఎంత గట్టిగా చెబితే అక్కయ్య అంత గట్టిగా ఏడ్చింది.

ఇన్ని ఆశీస్సులతో దంపతులు శనివారం పొద్దున్నే ఆ నగరంలో రైలు దిగారు. లాడ్జిలో గుమాస్తా ఆనవాయితీ ప్రకారం అడిగాడు.

"ఏ పని మీద వచ్చారు సార్?"

"ఊరికే వచ్చాం."

"ఊరికే అంటే కుదరదు సార్. రూముకి అద్దె ఉంటుంది."

"అద్దె ఇస్తామయ్యా బాబూ! రావడమే ఊరికే."

గుమాస్తా లోపలికి వెళ్ళి యజమానిని వెంటబెట్టుకొచ్చాడు. యజమాని ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. పెళ్ళివాళ్ళకు పై అంతస్తు ఇస్తారట, కోర్టువాళ్ళకు కింది అంతస్తు, ఆస్పత్రివాళ్ళకు లిఫ్టు పక్క గదులు. "మిమ్మల్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదండీ" అని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నాడు. చివరికి, ఎవరైనా ఎప్పటికైనా అక్కడికి రావలసినవాళ్ళే కదా అని లిఫ్టు పక్క గది ఇచ్చాడు.

గది శుభ్రంగా ఉంది. కిటికీ తెరిస్తే కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టు, దాని పక్కన కుట్టుమిషను చప్పుడు. టీచరమ్మ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పక్కన రెండో కుర్చీ కూడా వేసింది. ఆయన రాలేదు. స్నానాల గదిలో కుళాయి కారుతోందని దాన్ని బిగించాడు. బిగించడానికి ఇంకేమీ దొరక్కపోవడంతో, "ఎలాగూ వచ్చాం కదా, వీళ్ళ మంచినీళ్ళ ట్యాంకు ఒకసారి చూసొద్దామా?" అన్నాడు. టీచరమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

టాక్సీ ఎక్కాక, "ట్యాంకూ వద్దు, ఏమీ వద్దు, ఊరికే తిప్పు బాబూ" అంది డ్రైవరుతో. డ్రైవరు అర్థం చేసుకున్నాడు. తిన్నగా తీసుకెళ్ళి ఎముకల ఆస్పత్రి ముందు ఆపాడు.

"మొదట్లో అందరూ ఇలాగే అంటారమ్మా. భయపడకండి. లోపల డాక్టరుగారు చాలా మంచోరు."

టీచరమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూ భర్త వైపు తిరిగేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. పొద్దుటి నుంచీ ఆయన ముఖంలో అంత వెలుగు లేదు.

"ఎలాగూ వచ్చాం కదా, బీపీ చూపించుకుందామా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఇన్నేళ్ళ కాపురంలో నాతో ఊరికే ఒక్క పూట కూర్చోలేరా మీరు?" అంది. "పొద్దున లేస్తే మీ ముందు ఎంతోమంది నిలబడతారు, నీళ్ళు రాలేదని. నేనూ మీకొక ఫిర్యాదేనా?"

సూపరింటెండెంటు తగిన కారణం చెబుదామని నోరు తెరిచి, సర్వీసులో మొదటిసారి ఏమీ చెప్పకుండా మూసేశాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆస్పత్రి వెనక దారిన నడిచాడు. ఆ దారి ఏటి ఒడ్డుకు దిగింది. ఒడ్డున మోకాలెత్తు పిట్టగోడ ఉంది. దాని మీద కూర్చున్నారు.

ఏమీ జరగలేదు. ఏరు పారింది. ఆయన కొనుక్కొచ్చిన పొట్లంలోని వేరుశెనక్కాయలు ఆవిడ ఒలిచింది. నీటిమట్టం గురించి ఆయన ఒకటి రెండుసార్లు ఏదో అనబోయి తమాయించుకున్నాడు. కాసేపటికి, ఉన్నట్టుండి కళ్ళజోడు తీసి గోడ మీద పెట్టి, "మనిషన్నాక ఏదో ఒక కష్టం ఉండాలి కదయ్యా!" అన్నాడు అచ్చం ఆఫీసరు గొంతుతో. టీచరమ్మ పడీ పడీ నవ్వింది. తన మొగుడికి ఇంత హాస్యం తెలుసునని ఆవిడ ఎరగదు, ఆయనా ఎరగడు.

నవ్వులు విని గస్తీ పోలీసు వచ్చాడు. "ఏం చేస్తున్నారిక్కడ?"

"ఊరికే కూర్చున్నాం" అన్నాడు సూపరింటెండెంటు. ఈసారి ఆ మాట అనడానికి ఆయన సిగ్గుపడలేదు.

చట్టంలో దీనికేమైనా ఉందా అని పోలీసు కాసేపు ఆలోచించాడు. తర్వాత అటూ ఇటూ చూసి, టోపీ తీసి, గోడకు ఆ చివర తనూ కూర్చున్నాడు.

ఆదివారమంతా కూడా వాళ్ళు ఆ గోడ మీదే ఉన్నారు. ఆయనకు ఎంత హాయిగా ఉందంటే, ఇంత హాయికి ఎక్కడైనా అనుమతి తీసుకోవాలేమోనని అనుమానం వచ్చింది.

సోమవారం ఆఫీసంతా ఆయన చుట్టూ మూగింది. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు సరికదా, నొచ్చుకున్నారు. అక్కయ్య ఫోన్లో, "నా దగ్గర కూడా దాస్తావురా?" అని ముక్కు చీదింది. నిజం చెప్పి ఇంతమందిని బాధపెట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది. "నడుం నొప్పి" అన్నాడు. అందరూ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నారు. బావగారు స్థలం మాట మరిచిపోయి నూనె సీసా పంపించాడు.

అప్పటి నుంచీ నెలకోసారి పడమటి వైద్యానికి సెలవు అడగకముందే వస్తోంది. ఆయన ఎంత కళకళలాడుతూ తిరిగొస్తే వైద్యానికి అంత పేరు వచ్చింది. ఒకరోజు ఆఫీసరు తలుపు దగ్గరగా వేసి, "ఏమయ్యా, నాకూ మా ఆవిడకూ కూడా ఈమధ్య కాస్త నడుం పట్టేస్తోంది" అన్నాడు. సూపరింటెండెంటు ఆయన కళ్ళలోకి చూసి, మారుమాట్లాడకుండా గోడకు దారి చెప్పాడు. తర్వాత గుమాస్తాలకు పట్టేసింది. ఆపైన టీచర్లకు, లాయర్లకు. చివరికి ఎదురింటావిడ కూడా, మాట్లాడుకోవడం మానేసి చాలాకాలమైన మొగుణ్ణి వెంటబెట్టుకుని నడుం చూపించుకురావడానికి వెళ్ళింది.

వ్యాధి ఇంత తీవ్రంగా ప్రబలుతున్నా చేతులు ముడుచుకుని కూర్చోవడానికి ప్రభుత్వమేమీ గుడ్డిది కాదు. ఆ చుట్టుపక్కల గాలికే నడుం నొప్పులు తగ్గుతున్నాయని నిపుణుల సంఘం నివేదించింది. ఏటి ఒడ్డున పిట్టగోడ పడగొట్టి, అదే స్థలంలో ఆరంతస్తుల నడుంనొప్పి ఆస్పత్రి కట్టారు. కూర్చోవడానికి లోపల టోకెన్లు ఇస్తారు.

ప్రారంభోత్సవానికి మొదటి రోగులుగా ఆ దంపతులకు సగౌరవంగా ఆహ్వానం అందింది. ఈసారి ఆ ఊరికి వెళ్ళడానికి తగిన కారణం ఉంది కాబట్టి వాళ్ళు వెళ్ళలేదు.